బిడ్డ తల ఒక పక్క అణిగిపోతే: హెల్మెట్ దాకా వెళ్ళాలా వద్దా, ఎట్లా తేల్చుకోవాలి

మా పెద్దోడికి పదకొండో నెలలో తిరుమల కళ్యాణకట్టలో పుట్టెంట్రుకలు తీయించాం. గుండు అయ్యాక మా అత్తమ్మ తలకి గంధం పూస్తూ పూస్తూ ఉన్నట్టుండి చెయ్యి ఆపేసింది. కుడిపక్క వెనక భాగం ఎవరో అరచెయ్యి పెట్టి అణిచినట్టు చదునుగా ఉంది, ఎడమపక్క గుండ్రంగానే ఉంది. గంధం ఆరేకొద్దీ ఆ తేడా ఇంకా బాగా కనపడింది. పదకొండు నెలలు రోజూ నేనే స్నానం చేయించాను, నేనే తల దువ్వాను, ఒత్తు జుట్టు కింద అది ఒక్కరోజు కూడా నా కంటికి ఆనలేదు. కిందికి దిగే బస్సులో వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ చదును మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, అలిపిరి వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడలేదు.

తిరుపతి, చిత్తూరు వైపు ఇది చాలా ఇళ్ళలో జరిగేదే. మనం బిడ్డ తలని నిజంగా చూసేది గుండు చేయించినప్పుడే. బేసి నెల చూసుకుని, మేనమామకి సెలవు దొరకాలని చూసుకుని కొండకి వెళ్ళేసరికి తొమ్మిదో నెలో పదకొండో నెలో వచ్చేస్తుంది. తల ఆకారం తేలిగ్గా మారే నెలలు మాత్రం అంతకుముందే గడిచిపోతాయి. పుట్టినప్పుడు సుమారు 34–35 సెంటీమీటర్లు ఉండే తల చుట్టుకొలత ఏడాది నిండేసరికి 45–46 అవుతుంది, అందులో సగం పైగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే పెరుగుతుంది. మొదటి మూడు నెలలు నెలకి దాదాపు 2 సెంటీమీటర్లు, తర్వాత మూడు నెలలు నెలకి 1, ఆ తర్వాత నెలకి అర. తల తనంతట తాను గుండ్రబడటానికి ఉన్న బలం ఆ పెరుగుదలే, అందుకే గుండు దాకా ఆగొద్దని మొదటే చెప్తున్నా. రెండో బిడ్డకి నేను ఏడో వారంలోనే పట్టుకున్నాను కాబట్టి ఇక్కడ రాసేది రెండు అనుభవాల నుంచీ, డాక్టర్లని అడిగి అడిగి తెలుసుకున్నదాని నుంచీ.

ముందు తలని సరిగ్గా చూడటం నేర్చుకోండి

స్నానం అయిపోయి జుట్టు తడిగా నెత్తికి అంటుకుని ఉన్నప్పుడు చూడాలి. బిడ్డని ఎవరైనా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుంటే, మీరు నిలబడి సరిగ్గా నడినెత్తి మీద నుంచి కిందికి చూడండి. ముక్కు కొన మీకు ఎదురుగా ఉండాలి. రెండు చెవులూ ఒకే గీత మీద ఉన్నాయా, నుదురు రెండు పక్కలా ఒకేలా ఉందా, వెనక భాగంలో ఏ పక్కయినా గీత గీసినట్టు ఉందా అని చూసుకోండి. మా చిన్నదానికి ఎడమ చెవి కుడి చెవి కంటే చిటికెన వేలి వెడల్పంత ముందుకి వచ్చి ఉంది, ఎదురుగా చూస్తే అస్సలు తెలియదు, పైనుంచి చూస్తేనే తెలిసింది. ఒకే చోట, ఒకే ఎత్తు నుంచి ఫోటో తీసి పెట్టుకోండి, రెండు వారాలకి ఒకటి. కనుబొమల మీదుగా ఒక మెత్తటి హెయిర్ బ్యాండ్ వేసి తీస్తే ఆ బ్యాండ్ ఆకారమే తల ఆకారం చెప్తుంది. ఫోటో తీసిన వెంటనే ఆ బ్యాండ్‌ని తీసేయండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది, డాక్టర్‌కి కూడా నోటి మాటల కంటే ఆ ఫోటోలే ఎక్కువ చెప్తాయి.

పుట్టిన మొదటి వారాల్లో కనిపించే పొడుగు తల, వాపు వేరే సంగతి. ప్రసవంలో తల నలిగి అట్లా అవుతుంది, వాపు కొన్ని రోజుల్లో పోతుంది, ఎముక మీద రక్తం చేరిన గడ్డ అయితే కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దాన్ని నొక్కొద్దు, కాపడం పెట్టొద్దు.

ఆరు వారాల తర్వాత కూడా వంకర ఉంటే, లేదా అప్పుడే కొత్తగా మొదలైతే, చాలావరకు అది ఒకే వైపు పడుకోవడం వల్ల వచ్చిందే. ఇది ఎందుకు ఎక్కువైందో తెలిస్తే సగం భయం పోతుంది. పిల్లలు నిద్రలో ఉన్నట్టుండి చనిపోవడం తగ్గించడానికి 1992లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం పసిపిల్లల్ని బోర్లా పడుకోబెట్టొద్దని సిఫారసు చేసింది, 1994లో అది పెద్ద ప్రచారమైంది. ఆ చావులు సగానికి పైగా తగ్గాయి. దాంతోపాటే తల వెనక అణగడం పెరిగింది. మెత్తటి ఎముకలు, గంటల తరబడి ఒకే చోట బరువు, అంతే సంగతి. కాబట్టి తల గుండ్రంగా రావాలని బిడ్డని రాత్రి బోర్లా పడుకోబెట్టే పని మాత్రం ఎప్పుడూ చేయొద్దు. చదును తలతో ఏ బిడ్డా చనిపోదు.

ఏది ఆగకూడనిది

తల వంకర ఉన్న బిడ్డల్లో చాలా కొద్దిమందికి కారణం పడుకునే తీరు కాదు, తల ఎముకల మధ్య అతుకులు ముందే మూసుకుపోవడం. దాదాపు రెండు వేల నుంచి రెండున్నర వేల మందిలో ఒకరికి అట్లా ఉంటుంది. అదైతే ఇంట్లో ఏం చేసినా సరికాదు, ఆపరేషన్ కావాలి, అందులో ఒక రకం ఆపరేషన్‌ని మూడు నుంచి ఆరు నెలల మధ్య చేస్తేనే తేలిక. అందుకే ‘ఏడాది చూద్దాం’ అనే మాట దీనికి పనికిరాదు. తల ఆకారం సరిచేయడానికి కొలతలు తీసి బిడ్డ తలకి పెట్టే హెల్మెట్ కావాలా వద్దా అనే ప్రశ్న కంటే ముందు ఈ ప్రశ్న తేలాలి.

తేడా పైనుంచి చూస్తే తెలుస్తుంది. పడుకోవడం వల్ల వచ్చిన వంకరలో అణిగిన వైపు చెవి ముందుకి జరుగుతుంది, అదే వైపు నుదురు కూడా కాస్త ముందుకి ఉబుకుతుంది, అంటే తల మొత్తం ఒక పక్క నుంచి ముందుకి నెట్టినట్టు, ఏటవాలు పెట్టెలా ఉంటుంది. వెనక అతుకు మూసుకుపోయిన తలలో చెవి వెనక్కి, కిందికి లాగినట్టు ఉంటుంది, చెవి వెనక ఎముక బుడిపెలా ఉబుకుతుంది. తల పడవలా సన్నగా పొడుగ్గా ఉన్నా, నుదురు మధ్యలో నిలువు గట్టు వచ్చి మూడు మూలల్లా ఉన్నా, అతుకు దారిలో వేలితో తడిమితే గట్టిగా దారం కుట్టినట్టు గట్టు తగిలినా వెంటనే చూపించండి. మాడు చాలా ముందే మూసుకుపోయినా అంతే, మామూలుగా అది 12 నుంచి 18 నెలల లోపు మూసుకుంటుంది. నెలనెలా తల చుట్టుకొలత పెరగకపోయినా, ఏడవని సమయంలో కూడా మాడు ఉబికి ఉన్నా, మాటిమాటికీ వాంతులు, మందకొడితనం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంకొక తేడా కూడా ఉంది. పడుకోవడం వల్ల వచ్చేది పుట్టినప్పుడు సాధారణంగా ఉండదు, వారాల తర్వాత మొదలవుతుంది. అతుకుల వల్ల వచ్చేది తరచూ పుట్టుకతోనే ఉండి నెలనెలా ముదురుతుంది.

అనుభవం ఉన్న డాక్టర్ చేత్తో తడిమి, కంటితో చూసి చాలావరకు చెప్పేయగలరు. అనుమానం ఉంటేనే స్కాన్. ‘ఎందుకైనా మంచిది సీటీ తీయించండి’ అని మీరే అడగొద్దు, పసితలకి అనవసరమైన రేడియేషన్ అది. అతుకుల అనుమానం వస్తే పిల్లల డాక్టర్ న్యూరోసర్జన్ దగ్గరికి పంపిస్తారు. చిత్తూరు వాళ్ళకి వేలూరు సీఎంసీ ఆసుపత్రి గంట దూరమే, దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగం 1949లో మొదలైంది అక్కడే. తిరుపతిలో అయితే రుయా ఆసుపత్రి పిల్లల విభాగంలో ముందు చూపించుకోవచ్చు. ఆశా కార్యకర్తకో అంగన్‌వాడీలోనో చెప్పినా దారి ఉంది: 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షించి జిల్లాలో ఇట్లాంటి పిల్లల్ని చూసే చికిత్స కేంద్రానికి పంపుతారు.

మెడ, అందరూ వదిలేసేది ఇక్కడే

పెద్దోడికి నాలుగో నెలలో టీకా వేయించడానికి వెళ్ళినప్పుడు వీడు ఎప్పుడూ కుడివైపే చూస్తాడండీ అని నేను చెప్పాను. ‘అలవాటమ్మా, పెద్దయితే పోతుంది’ అన్నారు. మెడ మీద చెయ్యి వేసి చూడలేదు. ఆ రోజు చూసి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటాను. అందుకే మీరు అడగండి, గట్టిగానే అడగండి: ‘మెడ రెండు పక్కలా పూర్తిగా తిరుగుతోందా చూడండి’ అని.

ఇంట్లో చూసే పద్ధతి ఇది. బిడ్డని వెల్లకిలా పడుకోబెట్టి, మీ మొహమో, గిలక్కాయో, మోగే గాజో ఒక పక్క నుంచి రెండో పక్కకి నెమ్మదిగా తిప్పండి. గడ్డం రెండు భుజాల దాకా వెళ్తుందా, ఒక పక్కకి సగంలో ఆగిపోయి ఒళ్ళంతా తిప్పేస్తుందా? మా చిన్నదానికి ఏడో వారంలో తల కుడి భుజం మీదికి వంగి ఉండేది, గడ్డం ఎడమకి తిరిగి ఉండేది, కుడి మెడలో రేగిపండంత గట్టి గడ్డ చేతికి తగిలింది. చూడగానే నాకు చెమటలు పట్టాయి. అది మెడ కండరం పట్టేయడం వల్ల వచ్చేదని, నెలల్లో తనంతట తానే కరిగిపోతుందని ఫిజియోథెరపిస్ట్ చెప్పారు, అట్లాగే కరిగింది కూడా. ఇట్లాంటి బిడ్డల్లో తుంటి కీలు సరిగ్గా కూర్చోకపోవడం కాస్త ఎక్కువగా ఉంటుంది కాబట్టి తుంటి కూడా పరీక్ష చేయించమన్నారు, చేయించాం, బాగానే ఉంది.

కండరం పట్టేసి ఉంటే, మీరు ఎన్నిసార్లు తల అటు తిప్పినా బిడ్డ మళ్ళీ ఇటే తిప్పుకుంటుంది. అది మొండితనం కాదు, అటు తిరగలేదు. సాగదీసే వ్యాయామాలు ఫిజియోథెరపిస్ట్ దగ్గర చేతులు పట్టి నేర్చుకోవాలి, వీడియో చూసి చేయొద్దు. మూడు నెలల లోపు మొదలుపెడితే త్వరగా సరవుతుంది, చాలామందికి ఆపరేషన్ మాట రాదు. మేము డైపర్ మార్చిన ప్రతిసారీ చేసేవాళ్ళం, రోజుకి ఐదారు సార్లు అయ్యేది. మా పెద్దనాన్న పుత్తూరు కట్టు కట్టించమన్నారు. విరిగిన ఎముకలకి ఆ ఊరికి ఉన్న పేరు మనందరికీ తెలుసు, ఆయన ప్రేమతోనే చెప్పారు. కానీ ఇది ఎముక విరగడం కాదు, పసి మెడని ఎవరూ పట్టి తిప్పకూడదు, లాగకూడదు.

ఇంట్లో చేసేది, ఇదే అసలు చికిత్స

మనం పడుకునే తీరు చూడండి. పెద్దోడికి మంచం మీద ఎడమవైపు గోడ, కుడివైపు నేను. బిడ్డ పాలకోసం, వాసనకోసం, మాటకోసం నావైపే తిరిగేవాడు, రాత్రంతా. నాకు తెలియకుండానే పదకొండు నెలలు నేనే వాడి తలని కుడివైపు పెట్టించాను. దీనికి మందు పైసా ఖర్చు లేనిది: ఒకరోజు బిడ్డ తల మంచం ఈ కొసన, ఇంకో రోజు ఆ కొసన. అప్పుడు గోడా అమ్మా స్థానాలు మారతాయి. కిటికీ వెలుగు, తిరిగే ఫ్యాను, టీవీ, గుమ్మం, ఏది ఎటుంటే బిడ్డ అటు చూస్తుంది. అణగని వైపు తిరిగితేనే కనిపించేట్టు వాటిని పెట్టండి, లేదా బిడ్డని తిప్పి పెట్టండి. నిద్ర పట్టాక తలని మెల్లగా రెండో పక్కకి తిప్పొచ్చు. పాలపీకతో పట్టేవాళ్ళు ప్రతిసారీ ఒకే చేతి మీద పెట్టుకోకుండా చెయ్యి మార్చండి, ఇది తండ్రులు, అవ్వలు బాగా మర్చిపోతారు.

మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయడం రోజుకి రెండు మూడు సార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. ఏడు వారాలకల్లా మొత్తం మీద రోజుకి పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా చేరేట్టు చూసుకోమని చెప్తారు. పక్కనే మీరు ఉండాలి, నిద్ర పోయిందంటే వెంటనే వెల్లకిలా తిప్పేయాలి. చాపమీద వేస్తే గుక్కపెట్టి ఏడ్చే బిడ్డలు ఉంటారు, మాదీ అంతే. అప్పుడు మీ గుండెల మీద వేసుకుని వెనక్కి వాలండి, అదీ లెక్కలోకి వస్తుంది. మన అవ్వలు పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, బిడ్డని కాళ్ళమీద బోర్లా వేసి వీపుకి నూనె రుద్దుతారు చూడండి, అదీ ఇదే పని. బిడ్డ మెడ ఎత్తి నీళ్ళ చెంబు వైపు చూస్తుంది. ఆ పద్ధతిని పాతకాలం అని తీసిపారేయొద్దు. ఆ పద్ధతినే మా అవ్వ చేత నేను మా చిన్నదానికి రోజూ పది నిమిషాలు చేయించాను.

కానీ అదే స్నానంలో తలని రెండు చేతులతో నొక్కి గుండ్రం చేయడం మాత్రం ఆపించండి. నొక్కితే ఎముక ఆకారం మారదు, బిడ్డకి నొప్పి, మాడు దగ్గర ప్రమాదం కూడా. మాడు మీద నూనె రాసుకోండి, రుద్దొద్దు. ఈ మాట అవ్వతో చెప్పడం తేలిక కాదని నాకు తెలుసు. ‘మీ నాయనకి నేనే తల చేశాను, ఎంత గుండ్రంగా ఉందో చూడు’ అంటుంది. నేను వాదన పెట్టుకోలేదు. డాక్టర్ దగ్గరికి అవ్వని కూడా తీసుకెళ్ళి, ఆమె ముందే ఆ ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిన మాట ఆమె విన్నది, నేను చెప్పి ఉంటే వినేది కాదు.

ఆవాల దిండు గురించి. ప్రతి పుట్టింట్లోనూ ఒకటి కుడతారు, మా ఇంట్లోనూ కుట్టారు. ఏడాది నిండేదాకా బిడ్డ తల కింద, చుట్టుపక్కల ఏ దిండూ ఉండకూడదు, ఆవాలదైనా, మధ్యలో గుంట ఉండేదైనా, ఆన్‌లైన్‌లో ‘తల షేప్’ అని అమ్మేదైనా. మొహం అందులో కూరుకుపోతే పసిబిడ్డ తిప్పుకోలేదు, ఊపిరి ఆడదు. తల ఆకారానికి అమ్మే దిండ్లు వాడొద్దని మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2022 నవంబరులో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఒక పక్కకి ఒత్తిగిలి ఉండేట్టు చుట్టిన తువ్వాళ్ళు ఆనించడం కూడా వద్దు. గట్టి పరుపు, వెల్లకిలా, ఇంకేమీ లేకుండా. చీర ఉయ్యాల పూర్తిగా మానేయక్కర్లేదు, కానీ పగలంతా అందులోనే ఉంటే తల కదిలే చోటు ఉండదు. కార్ సీటు, ఊగే కుర్చీ కూడా అంతే. బిడ్డ వెనకతల ఏదో ఒకదానికి ఆని ఉన్న గంటలు తగ్గించడమే మీ పని, భుజాన వేసుకుని తిరిగితే ఇంకా మంచిది.

విటమిన్ డి చుక్కలు రోజుకి 400 యూనిట్లు ఇస్తున్నారా చూసుకోండి. మన ఎండలకి అక్కర్లేదు అనుకుంటారు, కానీ పసిబిడ్డని మనం ఎండలో ఎక్కడ పెడతాం? అది తక్కువైతే తల ఎముకలు మెత్తబడతాయి. మూడు నెలలు దాటాక కూడా వెనక ఎముక వేలితో నొక్కితే పింగ్‌పాంగ్ బంతిలా లోపలికి పోతుంటే చూపించండి.

ఎంతవరకు ఆగొచ్చు

న్యూజిలాండ్‌లో 200 మంది పిల్లల్ని పుట్టినప్పటి నుంచి రెండేళ్ళ దాకా చూశారు, 2004లో వచ్చింది ఆ లెక్క. ఆరు వారాల వయసులో 16 శాతం మందికి తల వంకర ఉంది, నాలుగు నెలలకి 19.7 శాతానికి పెరిగింది, ఏడాదికి 6.8, రెండేళ్ళకి 3.3 శాతం మిగిలింది. ఈ వరుస నాకు చాలా ధైర్యం ఇచ్చింది. అంటే నాలుగో నెల దగ్గర తల అన్నిటికంటే ఘోరంగా కనిపిస్తుంది, సరిగ్గా అప్పుడే మనం భయపడి ఏదో ఒకటి చేయించేయాలని పరిగెడతాం. బోర్లా పడితే బొబ్బట్లు అంటారు కదా, ఆ బొబ్బట్లు చేసే రోజుల నుంచే తల మీద బరువు తగ్గడం మొదలవుతుంది, కూర్చోవడం వచ్చాక ఇంకా తగ్గుతుంది.

పడుకోవడం వల్ల వచ్చిన వంకర మెదడు పెరుగుదలని ఆపదు. ఇది ఇంట్లో అందరికీ చెప్పండి, ముఖ్యంగా ‘బుద్ధి మాంద్యం వస్తుందట’ అని ఫోన్ చేసే చుట్టాలకి. అయితే తల అణిగిన పిల్లల్లో మెడ నిలపడం, బోర్లా పడటం కాస్త ఆలస్యంగా జరగడం పరిశోధనల్లో కనిపించింది. తల వల్ల కాదు, తక్కువ కదిలే బిడ్డ ఒకేచోట ఎక్కువసేపు పడుకుంటుంది కాబట్టి అట్లా జరిగే అవకాశం ఎక్కువ. కాబట్టి నాలుగు నెలలకి మెడ నిలవకపోతే తల ఆకారం సంగతి పక్కన పెట్టి ముందు దానికి చూపించండి.

నేను పాటించిన లెక్క ఇది. రెండు నెలలకి చూసి మెడ పరీక్ష. నాలుగు నెలల దాకా ఇంట్లో చేసేది గట్టిగా చేయడం. నాలుగు, ఐదు నెలల మధ్య ఫోటోలు పక్కన పెట్టి, డాక్టర్ చేత కొలిపించడం. కొలవడం అంటే తల మీద ఏటవాలుగా రెండు కొలతలు తీస్తారు, ఎడమ నుదుటి నుంచి కుడి వెనక్కి, కుడి నుదుటి నుంచి ఎడమ వెనక్కి, వాటి మధ్య తేడా ఎన్ని మిల్లీమీటర్లో చూస్తారు. అది ఒక సెంటీమీటరు లోపు ఉండి తగ్గుతూ ఉంటే హెల్మెట్ గురించి ఆలోచించడమే అనవసరం అని నా అభిప్రాయం. వెనకంతా రెండు పక్కలా సమానంగా చదునైతే ఈ తేడా రాదు, వెడల్పుని పొడవుతో పోల్చి చూస్తారు, వెడల్పు పొడవులో 90 శాతం దాటితే ఎక్కువ కింద లెక్క. మన ఇళ్ళలో కొందరికి వంశంలోనే వెడల్పు తలలు ఉంటాయి, కాబట్టి బిడ్డ తండ్రి తలా, మేనమామ తలా ఒకసారి చూడండి.

హెల్మెట్ సంగతి

హెల్మెట్ తలని పిండదు. ఉబికిన చోట ఆనుకుని, అణిగిన చోట ఖాళీ వదిలి, పెరిగే తల ఆ ఖాళీలోకి పెరిగేట్టు చేస్తుంది. అందుకే తల పెరిగే వయసులోనే పనిచేస్తుంది. సాధారణంగా నాలుగు నెలల తర్వాత, ఎనిమిదో నెల లోపు మొదలుపెడతారు, ఏడాది దాటాక లాభం చాలా తక్కువ. మా పెద్దోడికి పదకొండో నెలలో మేము ఒక చోట చూపిస్తే అక్కడికక్కడే అడ్వాన్స్ కట్టమన్నారు, ‘ఇప్పుడు చేయించకపోతే తర్వాత బాధపడతారు’ అన్నారు. ఇంకో డాక్టర్‌ని అడిగితే ఈ వయసులో డబ్బు తప్ప మారేది ఏమీ ఉండదన్నారు. ఏ వయసులోనైనా ఆ రోజే డబ్బు కట్టమంటే లేచి వచ్చేయండి, ఒక వారం ఆలోచించుకున్నంత మాత్రాన తలకి ఏమీ కాదు.

ఇది నిజంగా పనిచేస్తుందా అంటే డాక్టర్లలోనే రెండు మాటలు ఉన్నాయి, ఆ రెండూ మీకు తెలియాలి. నెదర్లాండ్స్‌లో 5–6 నెలల వయసున్న, తల బాగానే వంకర ఉన్న 84 మందిని రెండు సగాలుగా చేసి, ఒక సగానికి ఆరు నెలలు హెల్మెట్ పెట్టారు, ఇంకో సగానికి ఏమీ చేయలేదు. 2014లో ఫలితం వచ్చింది. రెండేళ్ళ వయసుకి పూర్తిగా సరైనవాళ్ళు హెల్మెట్ పెట్టినవాళ్ళలో 26 శాతం, పెట్టనివాళ్ళలో 23 శాతం. పెట్టిన వాళ్ళ తల్లిదండ్రులందరూ చర్మం ఒరుసుకోవడం, చెమట, వాసన లాంటి ఏదో ఒక ఇబ్బంది చెప్పారు. అయితే మెడ పట్టేసిన పిల్లల్ని అందులో చేర్చుకోలేదు, చాలా హెల్మెట్లు సరిగ్గా అమరలేదని విమర్శ కూడా ఉంది. 2016లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు మాత్రం ఇంటి పద్ధతులూ ఫిజియోథెరపీ చేశాక కూడా మధ్యస్థం నుంచి తీవ్రంగా మిగిలిపోయిన వాళ్ళకి హెల్మెట్ సిఫారసు చేశాయి. నాకు ఈ రెండింటి నుంచి అర్థమైంది ఏమంటే, కొద్దిపాటి వంకరకి హెల్మెట్ వృథా, మధ్యస్థానికి మీ ఇష్టం, మొహం కూడా పక్కకి జరిగేంత తీవ్రంగా ఉండి ఐదారు నెలలకి కూడా తగ్గకపోతే పెట్టించడం న్యాయమైన ఆలోచనే.

ఇంక మన ఊరి ఎండ. రోజుకి 23 గంటలు పెట్టాలి, స్నానానికి ఒక్కటే తీయాలి, మూడు నాలుగు నెలలు. మార్చిలో మొదలుపెడితే ఏప్రిల్, మే తిరుపతి ఎండల్లో, రాళ్ళు కాలే రోజుల్లో, ఆ ప్లాస్టిక్ చిప్ప కింద పసితల చెమటకాయలతో నిండుతుంది. మొదలుపెట్టే నెల చూసుకోండి అని నేను నిజంగానే చెప్తున్నా. ఏసీ లేని ఇల్లయితే ఇది చిన్న విషయం కాదు. రెండు మూడు వారాలకి ఒకసారి సరిచేయించడానికి చెన్నైకో ఇంకెక్కడికో వెళ్ళాలి, బిడ్డతో ప్రయాణాలు, మీ ఆయన సెలవులు, ఇవన్నీ కలిపి లెక్క వేసుకోండి. హెల్మెట్ ధర ఒక్కటి అడిగి ఊరుకోకండి, ఎన్నిసార్లు రావాలి, సరిచేసినప్పుడల్లా వేరే డబ్బా, తల పెరిగి ఇరుకైతే రెండోది ఎవరి ఖర్చు, ముందూ తర్వాతా కొలతలు కాగితం మీద ఇస్తారా అని అడగండి. అతుకులు మూసుకుపోలేదని డాక్టర్ తేల్చకుండా కొలతలు తీసుకునే చోటికి అసలు వెళ్ళొద్దు.

పెద్దోడికి ఇప్పుడు ఆరేళ్ళు. కుడిపక్క చదును పూర్తిగా పోలేదు, జుట్టు పెరిగితే ఎవరికీ తెలియదు, తడిపినప్పుడు నాకు తెలుస్తుంది. బడిలో ఎవరూ అడగలేదు. చిన్నదానికి ఐదో నెలలో కొలిపిస్తే తేడా 9 మిల్లీమీటర్లు వచ్చింది, మెడ అప్పటికి రెండు పక్కలా తిరుగుతోంది. మా ఆయన హెల్మెట్ పెట్టిద్దాం అన్నారు, పెద్దోడి విషయంలో మేము చేయలేదని ఆయనకి లోపల ఉంది. నేను ఇంకో రెండు నెలలు చూద్దామన్నాను, ఫోటోలు తీసి ఇద్దరం కలిసి చూసే షరతు మీద. తగ్గకపోతే ఏడో నెలలో మొదలుపెట్టినా సమయం ఉంటుందని డాక్టర్‌ని అడిగి తెలుసుకున్నాకే ఆ మాట అన్నాను. ఏడో నెలకి 6 అయింది. ఆ సాయంత్రం మొదటి ఫోటో, చివరి ఫోటో పక్కపక్కన పెట్టి ఆయనే ఫోన్ నాకు చూపించారు, హెల్మెట్ మాట మళ్ళీ రాలేదు. వచ్చే నెల తొమ్మిదో నెల, దానికీ కొండమీద మొక్కు ఉంది.